బడి మూసిన రోజుల బువ్వ

ఎస్తేరమ్మ గొంతు చాలా పెద్దది. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో తన క్వార్టరు ముందు నిలబడి కూతుర్ని పిలిచిందంటే, పక్క వీధి కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు కూడా బిందెలు వదిలి తలెత్తేవారు. ఆ గొంతు చూసే తెలుగు ప్రాథమిక పాఠశాల వాళ్ళు ఆమెను ఆయాగా పెట్టుకున్నారని ఆమె భర్త లూకా నవ్వుతూ అనేవాడు. గంట కొట్టడం, చిన్నపిల్లల ముక్కులు తుడవడం, మధ్యాహ్నం అందరికీ ఉప్మా వండి పెట్టడం ఆమె పనులు. ఉప్మాకి గోధుమ రవ్వ ఎక్కడో ఉన్న దాతలు పంపేవారు. బడి ఉన్నన్ని రోజులే రవ్వ.

ఆమె తండ్రి శ్రీకాకుళం సముద్రం ఒడ్డునుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టాడు. ఆమె ఇక్కడే పుట్టింది. తండ్రి ఊరిని పెళ్ళిళ్ళకు వెళ్ళి చూడడమే తప్ప అక్కడ ఒక వర్షాకాలం గడిపింది లేదు. కూరలవాడితో బెంగాలీ, రిక్షావాడితో హిందీ, పాలవాడితో ఒడియా మాట్లాడేది. కోపం వచ్చినప్పుడు మాత్రం ఎవరితోనైనా తెలుగే. లూకా వర్క్‌షాపులో వడ్రంగి, వేగన్ల చెక్కపని చేసేవాడు. ఒక్కతే కూతురు స్వర్ణకుమారి, హైస్కూల్లో చదువుతోంది.

ఎనభై మూడులో మే నెల. బడికి వేసవి సెలవులిచ్చి వారం దాటింది. వంట గిన్నెలు తోమి అటక మీద పెట్టేస్తే తన పని కూడా అయిపోతుందని ఎస్తేరమ్మ ఎండలో బడికి వెళ్ళింది. గేటు బయట, నీడ కూడా లేని చోట, ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. అక్క రెండో తరగతి పిల్ల గున్నమ్మ. దాని వేలు పట్టుకున్నవాడు ఇంకా బడిలో చేరని తమ్ముడు. ఇద్దరి చేతుల్లోనూ సత్తు కంచాలున్నాయి.

"ఏటే గుంటా, సెలవులిచ్చీసినారు కదా! మరిసిపోనావేటి?" అంది ఎస్తేరమ్మ.

"నేదు. తెల్సు."

"మరెందుకొచ్చినావు?"

గున్నమ్మ తమ్ముడి వైపు చూసింది. "ఈడు పొద్దున్నుంచి ఏడుస్తన్నాడు. బడికాడికి ఎల్దాం రా అంటే ఊరుకున్నాడు."

ఈ పిల్లల తల్లి దాలమ్మ ఎస్తేరమ్మకి తెలుసు. రైలు పట్టాల అవతల, రేకులూ గోనెపట్టాలూ కప్పిన గుడిసెల్లో ఉంటారు. మొగుడూ పెళ్ళామూ పట్టాల కింద కంకర వేసే కూలికి పోతారు. పొద్దు పొడవకముందే పోయి, పొద్దు కూకాక వచ్చి పొయ్యి వెలిగిస్తారు. ఆ గుడిసెల పిల్లలకి పగటి పూట తిండి అంటే బడిలో పెట్టే ఉప్మాయే. ఈ సంగతి ఆమెకు ఎప్పుడూ తెలుసు. బడి మూసేస్తే వీళ్ళేం తింటారన్న ప్రశ్న మాత్రం, ప్రతి వేసవిలో గిన్నెలు తోమి అటకెక్కించిన ఆమెకి, ఒక్కసారీ రాలేదు.

ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్ళి, లూకా కోసం దాచిన అన్నంలో గంజి కలిపి, మామిడికాయ ముక్క వేసి పెట్టింది. తమ్ముడు కంచం నాకి, ఇంకోసారి నాకి, అక్క కంచంలోకి చూశాడు.

మర్నాడు ఆ ఇద్దరితో పాటు మరో అయిదారుగురు వచ్చారు. ఆ పైరోజు వసారా నిండింది. లూకా మధ్యాహ్నం సైకిలు దిగి, కాలు పెట్టడానికి చోటు లేక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటే ఇది? బడి ఇంటికొచ్చీసిందేటి?"

"ఆకలేసి ఒచ్చినారు. పొమ్మనమంటావేటి?"

"పొమ్మనమని నానన్నానా? మన బియ్యం డబ్బా ఎన్నాళ్ళొస్తాదని అడిగినాను."

అది సరైన ప్రశ్నే. ఎస్తేరమ్మ ఆ రాత్రే తీర్మానించుకుంది, ఇది ఒక ఇంటి డబ్బాతో అయ్యే పని కాదని.

ముందు ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వెళ్ళింది. సెలవులన్నాళ్ళూ వండడానికి వంటగది తాళం ఇమ్మని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. ఓపికగా విన్నాడు. సెలవుల్లో బడి ఆవరణలో పిల్లలకి ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారని అడిగాడు. "నేను సెప్తాను సార్" అంది ఆమె. ఆయన నవ్వి, నువ్వు చెప్తే ఒప్పుకునేవాళ్ళు ఎవరూ లేరమ్మా అన్నాడు. తాళం ఇవ్వలేదు.

అక్కణ్ణించి తమ చర్చి సంఘపెద్ద విల్‌ఫ్రెడ్ ఇంటికి వెళ్ళింది. విల్‌ఫ్రెడ్ రైలు గార్డుగా రిటైరైనవాడు, ఇంట్లో ఉన్నా ఇస్త్రీ మడత నలగనివ్వడు. చర్చి హాలు పెళ్ళిళ్ళకి ఇచ్చేశామని, మే నెలంతా ఖాళీ లేదని చెప్పాడు.

"హాలెందుకండీ? ఎనక రేకుల షెడ్డు ఉంది కదా. పాత బెంచీలు పడేసినారే, అది."

"దాని రేకులకి చిల్లులున్నాయమ్మా."

"ఎండాకాలం చిల్లుల్తో పనేటండీ?"

విల్‌ఫ్రెడ్ చాలాసేపు మీసం సవరించుకున్నాడు. చివరికి, ప్రతి శనివారానికల్లా మసి మరక లేకుండా కడిగి అప్పజెప్పాలన్న షరతు మీద షెడ్డు ఇచ్చాడు.

బియ్యం సంగతి ఆమెకి ముందే తట్టింది. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండేముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. నెలాఖరుకి ఆ కుండ చర్చికి వెళ్ళేది. ఆ పిడికెడే ఇప్పుడు ఇంటింటా అడిగింది. సంఘం ఇళ్ళలో అడిగాక, సంఘం కాని ఇళ్ళలోనూ అడిగింది. కొందరు తలుపు దగ్గరే పెట్టి పంపారు. కొందరు, "మీ వాళ్ళకి మీరు పెట్టుకోండి" అన్నారు. ఆమె పక్కింటి తలుపు కొట్టింది.

అలా కొట్టిన తలుపుల్లో ఒకటి అనసూయ టీచరుది. అనసూయ అదే బడిలో మూడో తరగతికి చెప్పేది. ఆమె భర్త వరాహనరసింహం రైల్వే ఆఫీసులో గుమాస్తా, గుడి కమిటీలో సభ్యుడు. ఇంటికి పెద్ద ఆయన తల్లి బాలాంబ. ఎనభై దగ్గర పడ్డ మనిషి, నేత చీర, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పని. మడి, ఆచారం ఉన్న మనిషి. బయట మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు.

అనసూయ చేటలో బియ్యం తెస్తుంటే బాలాంబ ఆపింది. "ఆగవే. ఆ బియ్యంలో రాళ్ళున్నాయి. పసిపిల్లలు కొరికితే పళ్ళు పోతాయి. ఏమే ఎస్తేరూ, రాళ్ళు ఏరేవాళ్ళు ఉన్నారా మీకు?"

"నేరండి అమ్మగారూ. ఒక్కదాన్నే."

"అయితే మూట ఇక్కడ పడెయ్. నాకు కళ్ళు కనిపిస్తున్నంత వరకూ ఏరిపెడతాను."

ఆ రోజునుంచి ఇళ్ళ పిడికిళ్ళన్నీ మొదట బాలాంబ చేటలోకి వెళ్ళి, అక్కణ్ణించి షెడ్డుకి చేరేవి. ఒక్కొక్కరే వచ్చి కలిశారు. రైల్వే రన్నింగు రూములో డ్యూటీ దిగి వచ్చే డ్రైవర్లకీ గార్డులకీ వండి రిటైరైన అప్పలకొండ, ఇంట్లో కోడలి వంటకి వంకలు పెట్టి తిట్లు తింటున్నవాడు, "సెల్లీ, గరిట నాకియ్యి" అంటూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. స్వర్ణకుమారీ ఆమె స్నేహితురాళ్ళూ కుళాయినుంచి నీళ్ళు మోశారు. చర్చిలో జరిగే ఆదివారం బడి పిల్లలు బొగ్గుపొడిలో బంకమన్ను కలిపి ఉండలు చేసి, మొహాలకి మసి పూసుకుంటూ ఎండలో ఆరబెట్టారు. పొయ్యికి అవే వంటచెరకు. సాలువా వైపు పల్లెలనుంచి సైకిలు మీద కూరలు తెచ్చే మాహాతో అనే ముసలి రైతు, తిరుగుదారిలో అమ్ముడుపోని గుమ్మడికాయలు షెడ్డు దగ్గర దించి, "దీదీ, ఫాటా ఆఛే, కింతు భాలో" అనేవాడు. పగిలింది గానీ మంచిదే అని.

బియ్యమూ పెసరపప్పూ గుమ్మడి ముక్కలూ కలిపి అప్పలకొండ వండిన పులగం వాసన పట్టాల అవతలికి కొట్టేది. వర్క్‌షాపు మధ్యాహ్నం సైరను కూయగానే పిల్లలు కంచాలు మోగించుకుంటూ పట్టాలు దాటి వచ్చేవారు. ఆ దాటడం చూడలేక లూకా రోజూ ఆ వేళకి ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని పట్టాల దగ్గర నిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదు. అతనూ ఎవరికీ చెప్పలేదు.

ఆ వేసవి అలా గడిచింది. దసరా సెలవుల్లో మళ్ళీ పొయ్యి వెలిగింది, మరుసటి వేసవిలో మళ్ళీ. ఊళ్ళో దుర్గా పందిళ్ళు వెలిగిపోతుంటే ఈ షెడ్డులో పులగం ఆవిరి లేచేది. చేసేవాళ్ళకి అలవాటైపోయింది. అలవాటైన పనిలోనే పొరపాటు దొర్లింది.

అది మూడో వేసవి. అప్పలకొండ మనవరాలి పెళ్ళికని టెక్కలి వెళ్ళాడు. రోజూ పులగమేనా అని పిల్లలు మూతులు ముడుస్తున్నారని, ఆ రోజు ఎస్తేరమ్మ అన్నం వండి, బెల్లం వేసి గుమ్మడికాయ పులుసు పెట్టాలనుకుంది. రోజూ వాడే సత్తు డేగిసా అన్నానికి పోయింది. పులుసుకి పెద్ద గిన్నె కావాలి. షెడ్డు మూల పాత బెంచీల కింద చర్చివాళ్ళ ఇత్తడి గుండిగ ఉంది. చింతపండుతో తోమితే బంగారంలా మెరిసింది. పొద్దున్నే చింతపండు అందులోనే నానబెట్టి, అందులోనే పులుసు కాచింది. పిల్లలు వేళ్ళు నాకుతూ తిన్నారు.

పొద్దు వాలకముందే గుడిసెల్లో వాంతులు మొదలయ్యాయి.

కబురు వినగానే ఎస్తేరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. గుడిసెల ముందు పిల్లలు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. లూకా ఇందా పేటకి వెళ్ళి ఆటోలో ఒక డాక్టర్ని తీసుకొచ్చాడు. ఆయన ఒక్కొక్క పిల్లనీ చూసి, మందిచ్చి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగిస్తూనే ఉండమన్నాడు. ఎస్తేరమ్మ, అనసూయ, స్వర్ణకుమారి గుడిసె గుడిసెకీ తిరిగి చెంచాలతో నీళ్ళు పోశారు. తెల్లారేసరికి పిల్లలందరూ తేరుకున్నారు. గున్నమ్మ లేచి కూర్చుని ఆకలి అంది. దాలమ్మ మాత్రం కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, ఎస్తేరమ్మ మొహం చూడకుండా అంది:

"ఇంక సాలక్కా. మా పిల్లల్ని మాకొగ్గీయి. పస్తుంటే పడుంటారు గానీ సావరు కదా."

ఎస్తేరమ్మ చెంచా, నీళ్ళ గిన్నె గుమ్మంలో పెట్టి బయటికి వచ్చేసింది.

టెక్కలినుంచి దిగీ దిగగానే అప్పలకొండ సంచి భుజాన ఉండగానే షెడ్డుకి వచ్చాడు. గుండిగ లోపల బొటనవేలితో రాశాడు. వేలికి పచ్చటి చిలుము అంటింది.

"కళాయి పోనాది సెల్లీ. తెల్లటి పూత ఉండాల లోపల. అది నేని ఇత్తడిలో పులుపు ఎడితే ఇసమే."

"నాకు తెల్దన్నా. మెరిసింది కదా అనుకున్నాను."

"బయట మెరిసినాది." అతను గుండిగ బోర్లించి పక్కన కూలబడ్డాడు. "నాను పెళ్ళికి ఎల్లకుండా ఉంటే బాగున్ను."

అప్పటికే ఊళ్ళో మాట పాకింది. పులుసులో ఏదో పొడి కలిపారని ఒకరు, ప్రార్థన చేసిన నీళ్ళు పోశారని ఇంకొకరు, పిల్లల్ని మతంలో కలుపుకోవడానికే ఈ తిండి పెడుతున్నారని మరొకరు. గుడి కమిటీలో వరాహనరసింహాన్ని నిలదీశారు, మీ ఇంటి ఆడవాళ్ళకి అక్కడేం పని అని. ఇటు విల్‌ఫ్రెడ్ వచ్చి, సంఘానికి చెడ్డపేరు వస్తోంది, కొన్నాళ్ళు ఆపెయ్యమ్మా అన్నాడు. నీళ్ళు మోసే పిల్లల్ని తల్లులు పంపడం మానేశారు. పిడికెడు బియ్యం పెట్టే గుమ్మాలు మూసుకున్నాయి.

లూకా కూడా ఆ సాయంత్రం అన్నాడు: "ఒగ్గీయే ఇంక. మంచికి ఎల్లి మాటలు పడ్డం ఎందుకు?"

ఎస్తేరమ్మ మూటలో మిగిలిన బియ్యం కొలిచింది. తర్వాత అంది: "మాట నిజమేనయ్యా. తప్పు నాదే. ఒండింది నాను. మాట పడాల్సిందీ నానే. కానీ పొయ్యి ఆర్పీస్తే నా తప్పుకి ఆ పిల్లలు పస్తుండాల. అదెక్కడి నాయం?"

మర్నాడు పొద్దున్నే గుడిసెలకి వెళ్ళింది. ఇంకా కూలికి బయల్దేరని ఆడవాళ్ళ మధ్య నిలబడి, తన పెద్ద గొంతుతోనే, దాచకుండా చెప్పింది.

"పొడి కాదు, నీళ్ళు కాదు. కళాయి నేని ఇత్తడి గుండిగలో పులుసు కాసినాను. నాకు తెల్దు. తెల్సుకోవల్సింది. మీ పిల్లలకి నొప్పి ఎట్టింది నాను. తిట్టాలంటే నన్ను తిట్టండి. ఆ గుండిగ ఇంక పొయ్యెక్కదు. ఇయ్యాల కూడా ఒండుతున్నాను. మీలో ఎవరైనా ఒచ్చి పొయ్యి కాడ కూకోండి. నా సేతుల్ని సూడండి. నమ్మకం కలిగితే పిల్లల్ని పంపండి."

ఎవరూ తిట్టలేదు. ఎవరూ రామని కూడా అనలేదు. మొహాలు తిప్పుకుని గంపలు ఎత్తుకున్నారు.

ఆ రోజు ఆమె, అప్పలకొండ, స్వర్ణకుమారి కలిసి పులగం వండారు. సైరను కూసింది. లూకా ఎర్రగుడ్డ కర్రతో పట్టాల దగ్గర నిలబడ్డాడు. ఒక్క పిల్లా రాలేదు. పులగం చల్లారింది. స్టేషను బయట అడుక్కునేవాళ్ళకి పంచి వచ్చారు. మర్నాడూ అంతే. గిన్నె కడుగుతూ స్వర్ణకుమారి ఏడ్చేసింది. "రేపు కూడానా అమ్మా?" అని అడిగింది.

"రేపు కూడా. బియ్యం అయ్యీదాకా రేపే."

ఇంట్లో బాలాంబ, బియ్యం మూట రాలేదేమని అడిగింది. అనసూయ జరిగిందంతా చెప్పింది. కమిటీలో భర్తని నిలదీసిన సంగతి కూడా చెప్పింది. ముసలావిడ చేట పక్కన పెట్టి కొడుకుని పిలిచింది.

"ఏరా వరాహాలూ, ఆ పిల్లలు కోలుకున్నారా?"

"కోలుకున్నారమ్మా."

"ఎస్తేరు వంట మానేసిందా?"

"మానలేదుట. ఎవరూ తినడం లేదుట."

"ఎవరూ తినకపోతే మానెయ్యాలి కదా. అది మానలేదంటే, అది పట్టుదల రా. సరే. రేపు మన పిల్లలిద్దర్నీ తయారుచెయ్యండి, నాతో వస్తారు."

వరాహనరసింహం తెల్లబోయాడు. "చర్చి వెనక్కా? అమ్మా, కమిటీలో నేను తలెత్తుకోవద్దూ?"

"నువ్వు తలెత్తుకోవడం సంగతి తర్వాత చూద్దాం. ఇన్నాళ్ళూ రాళ్ళు ఏరింది నేను. ఆ బియ్యంలో నేనేం కలపలేదని నాకు తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే, కలిపానని ఒప్పుకున్నట్టే."

మర్నాడు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే బాలాంబ రిక్షా దిగింది. ఎనభై ఏళ్ళలో ఆమె ఎప్పుడూ చర్చి గేటు దాటలేదు. ఒక చేత్తో మనవణ్ణీ ఒక చేత్తో మనవరాల్నీ పట్టుకుని, వంగిన నడుముతో షెడ్డులోకి వచ్చి, పాత బెంచీ మీద చెంగు పరుచుకుని కూర్చుంది. ఎస్తేరమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నాకు పెట్టకే. నా మడి నాది, ఈ వయసులో మారదు," అంది బాలాంబ. "వీళ్ళకి మడీ లేదు, గిడీ లేదు. పెట్టు. కంచం నిండా పెట్టు."

గోడ అవతల పట్టాల దగ్గర గుడిసెల ఆడవాళ్ళు కొందరు ఆగి చూస్తున్నారు. ఆ రోజు కంకర పని లేదు. వాళ్ళలో దాలమ్మ ఉంది. టీచరుగారి ఇంటి పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని పులగం తింటున్నారు. బాలాంబ దాలమ్మను చూసి పిలిచింది.

"ఏమమ్మా, అక్కడే నిలబడ్డావేం? వీళ్ళిద్దరూ నా మనవలు. విషమైతే నా వంశమే పోతుంది. వచ్చి చూడు."

దాలమ్మ నెమ్మదిగా లోపలికి వచ్చింది. పొయ్యి మీద గిన్నెలోకి వంగి చూసింది. లోపల వేలితో రాసింది. గరిట తీసుకుని కొంచెం అరచేతిలో వేసుకుని నోట్లో పెట్టుకుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"ఉప్పు సాల్లేదు," అంది.

అప్పలకొండ జన్మలో ఆ మాట పడలేదు. నోరు తెరిచాడు గానీ ఎస్తేరమ్మ చూసిన చూపుకి మూసేశాడు.

"అయితే నువ్వే ఎయ్యి," అంది ఎస్తేరమ్మ.

దాలమ్మ ఉప్పు వేసి, కలిపి, మళ్ళీ రుచి చూసి, పట్టాల వైపు తిరిగి కేకేసింది. ఆమె గొంతు కూడా చిన్నదేమీ కాదు. లూకా కర్ర ఎత్తాడు. మొదట గున్నమ్మ, దాని వెనకే తమ్ముడు, వాళ్ళ వెనక గుడిసెల పిల్లలందరూ పట్టాలు దాటారు. అందరూ కూర్చున్నాక, ఎస్తేరమ్మ వడ్డించబోతే దాలమ్మ గిన్నె తన వైపు లాక్కుని, "నువ్వు కూకో అక్కా, మూడ్రోజుల్నుంచి నిలబడే ఉన్నావట," అంది. ఎస్తేరమ్మ బాలాంబ పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం ఉంచి, కూర్చుంది. బాలాంబ ఆ ఎడం కేసి చూసింది. కాసేపటికి షెడ్డులో ఉన్న చేట ఒకటి అందుకుని రాళ్ళు ఏరుతూ, "గుండిగకి కళాయి వేయించు. పారెయ్యకు, పాత కాలపు ఇత్తడి," అంది.

ఆ రోజునుంచి ఒక కట్టుబాటు ఏర్పడింది. పొయ్యి దగ్గర రోజూ గుడిసెల తల్లుల్లో ఒకరు కూర్చోవాలి. మొదట్లో కాపలాకి కూర్చున్నట్టు కూర్చున్నారు. తర్వాత కూరలు తరిగారు. ఆ తర్వాత వాళ్ళే వండారు. పని దొరకని రోజు ఒకరు, ఒంట్లో బాగోక ఆగిపోయిన రోజు ఇంకొకరు. పెట్టించుకునేవాళ్ళు, పెట్టేవాళ్ళు అన్న తేడా ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. వరాహనరసింహాన్ని కమిటీలో మళ్ళీ అడిగితే, "మా అమ్మని అడగండి" అన్నాడట. ఎవరూ ఆవిడ దగ్గరికి వెళ్ళే సాహసం చేయలేదు.

బాలాంబ మరో రెండు వేసవులు రాళ్ళు ఏరింది. ఆఖరి రోజుల్లో చూపు ఆనక, వేళ్ళతో తడిమి ఏరేది. ఆమె పోయాక చేట అనసూయ తీసుకుంది.

తొంభై ఒకటిలో, వైశాఖం చివర, ఒక సాయంత్రం వచ్చిన గాలివాన షెడ్డు రేకులన్నీ ఎగరగొట్టింది. పొద్దున్న వచ్చి చూస్తే పొయ్యి నీళ్ళలో ఉంది, బొగ్గు ఉండలు కరిగి నల్లటి బురదైపోయాయి. విల్‌ఫ్రెడ్ ముసలివాడైపోయాడు, అయినా ఇస్త్రీ చొక్కాతోనే వచ్చి తల పట్టుకున్నాడు. హాలులో ఆ రోజు పెళ్ళి ఉంది.

"సాయంత్రానికి ఏదో ఒకటి చూద్దాం ఎస్తేరమ్మా. ఇవాళ్టికి సెలవు ఇచ్చేద్దాం," అన్నాడు.

"సెలవులనే కదండీ ఒండుతున్నాం. సెలవుల్లో సెలవేటి?" అంది ఎస్తేరమ్మ, కొంగు నడుముకి దోపుకుంటూ. "సైరనుకింకా టైముంది. పొయ్యి రాళ్ళు ఎత్తండి."

ముందు ఆమే వంగి పొయ్యి ఇటుకలు ఊడదీసింది. ఇటుకలు నెత్తిన పెట్టుకుని నడిచింది. దాలమ్మ డేగిసా ఎత్తుకుంది. అప్పటికి చెయ్యి వణుకు వచ్చిన అప్పలకొండ గరిట ఒక్కటే పట్టుకున్నాడు. వెనక పిల్లలు, నీళ్ళ బిందెలు, తడిసిన బియ్యం మూట. అనసూయ టీచరు క్వార్టరు గేటు ముందు ఆగారు.

గేటు తీసింది వరాహనరసింహం. ఆఫీసుకి బయల్దేరబోతున్నాడు. ఇటుకల్ని చూశాడు, మనుషుల్ని చూశాడు. ఇంటి వెనక తులసికోట, దాని పక్కన ఎండిన పెరడు. ఆయన చేతి సంచి కిటికీకి తగిలించాడు.

"తులసికోటకి పొగ తగలకుండా ఇటు మూల పెట్టుకోండి," అన్నాడు. తర్వాత ప్యాంటు మడిచి, బావి చేంతాడు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ వేసవంతా ఆ పెరట్లోనే వంట జరిగింది. ఆయన రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు బిందెలన్నీ నింపి వెళ్ళేవాడు. దసరాకి షెడ్డు మీద కొత్త రేకులు పడ్డాయి. వర్క్‌షాపులో లూకా తోటి వడ్రంగులు సెలవు రోజుల్లో వచ్చి కప్పారు, వాళ్ళలో బెంగాలీలున్నారు, బిహారీలున్నారు.

తొంభై ఆరులో లూకా రిటైరయ్యాడు. రైల్వే క్వార్టరు ఖాళీ చేసి ఇందాలో ఒక చిన్న అద్దె ఇంట్లోకి మారారు. స్వర్ణకుమారి పెళ్ళయి, టాటానగర్లో ఉండేది. ఎస్తేరమ్మకి మోకాళ్ళు నొప్పులు. బడి ఉద్యోగం కూడా అయిపోయింది. ఇంక ఆమె రాదులే అనుకున్నారు కొందరు. సెలవులు మొదలైన రోజు పొద్దున్నే లూకా సైకిలు వెనక కూర్చుని షెడ్డు ముందు దిగింది.

అప్పటికి పొయ్యి వెలిగి ఉంది. దాలమ్మ అరుస్తోంది, ఎవరో కొత్త కుర్రకారు గుమ్మడి ముక్కలు పెద్దవి తరిగారని. రిటైరైన ఇద్దరు గార్డులు బియ్యం కడుగుతున్నారు. కాలేజీ అమ్మాయిలు నీళ్ళు పోస్తున్నారు. పట్టాల దగ్గర ఎర్రగుడ్డ కర్రతో ఎవరో నిలబడి ఉన్నారు. తన కోసం ఏ పనీ ఆగి లేదని ఎస్తేరమ్మ చూసింది. మొదట కొంచెం మనసు చివుక్కుమంది. ఆ వెంటనే, ఇదే కదా కావల్సింది అనుకుంది.

"ఒచ్చినావా అక్కా? నువ్వు నీడ పట్టున కూకో," అంది దాలమ్మ.

"కూకోడానికి ఇందానుంచి రావాలేటే?" అంది ఎస్తేరమ్మ. కత్తిపీట దగ్గరికి లాక్కుని, పెద్ద ముక్కల్ని ఒక్కొక్కటీ తీసి మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.